కూర్చోబెట్టడం నా ఉద్యోగం

వీల్‌చైర్లు తయారుచేసే పనిలో నా వయసంతా గడిచింది. రిటైరై ఇప్పుడు బందరులో ఇంటిపట్టున ఉంటున్నాను. ఈమధ్య ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, నేను రీహాబిలిటేషన్ ఇంజనీరింగ్‌లో చేరుతున్నానండీ, ఫీల్డ్ ఎలా ఉంటుంది?" అని అడిగింది. బురదగా ఉంటుందమ్మా అన్నాను. హాస్యమాడుతున్నాననుకుని నవ్వింది. నిజంగానే చెప్పాను. ఆ అమ్మాయి కోసం, ఆమెలా ఈ పనిలోకి వచ్చే మరికొందరి కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, పేపర్లు, శాలువాలు ఇందులో ఉండవు. వాటి కోసం మా కాలేజీ వాళ్ళు ఒక సావనీరు వేశారు. నేనే ఇంకా దాన్ని పూర్తిగా చదవలేదు.

పని ఏమిటో ముందు చెప్తాను. నడవలేని మనిషి ఒకరుంటారు. ఆ మనిషికి ఒక ఇల్లు, ఒక వీధి, చేసుకునే పని ఒకటి ఉంటాయి. మనిషిని పని దాకా చేర్చే బండి తయారుచేయడం మన ఉద్యోగం. చదువుకున్నవాళ్ళం బండి అనగానే చక్రాల దగ్గర మొదలుపెడతాం. అసలు మొదలుపెట్టవలసింది పిరుదుల దగ్గర. సిగ్గుపడకండి, ఈ ఉద్యోగంలో ఆ మాట రోజూ అనవలసి వస్తుంది. మనిషి రోజంతా దేనిమీద కూర్చుంటాడు, బరువు ఏ ఎముక మీద పడుతుంది, ఎంతసేపు పడుతుంది అన్నది మన శాస్త్రంలో సగం.

మన ప్రాంతంలో మిగతా సగం బురద. నగరాల్లో తయారయ్యే బండ్లకు ముందువైపు రెండు బుల్లి చక్రాలుంటాయి. ఆస్పత్రి గచ్చు మీద అవి చక్కగా తిరుగుతాయి. దివిసీమ బంకమట్టిలో నాలుగడుగులు పోగానే కూరుకుపోతాయి, కూర్చున్న మనిషి ముందుకు తూలి పడుతుంది. వెంటనే ఎవరో ఒకరు "అయ్యో తల్లీ" అంటూ వచ్చి మనిషిని బండితో సహా ఎత్తేస్తారు. మన వైపు జనం మంచివాళ్ళు, అడక్కుండానే ఎత్తుతారు. ఆ మంచితనంతో నాకు జీవితమంతా పేచీయే.

నా కాళ్ళు, నా కోపం

నేనూ బండి మనిషినే. పసితనంలో పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. నాన్నకు బందరులో సైకిల్ షాపు ఉండేది. చువ్వలు బిగించడం, చక్రం వంకర తీయడం బడికి వెళ్ళకముందే నేర్చుకున్నాను. కాలేజీలో చదివేటప్పుడు ఆ షాపులోనే మూడు చక్రాల రేసు బండి ఒకటి కట్టుకుని, తెల్లారకుండానే మంగినపూడి బీచ్ రోడ్డు ఎక్కేదాన్ని. ఎదురుగాలి, కళ్ళలో ఇసుక, వెనక నుంచి మోటారు సైకిళ్ళ వాళ్ళ సానుభూతి. ఆ సానుభూతికి ఒళ్ళు మండి ఇంకా వేగంగా తోసేదాన్ని. రాష్ట్రం పోటీలు, దేశం పోటీల దాకా వెళ్ళానంటే అందులో సగం కోపం చలవే.

ఒకసారి పోటీలకు ముందు భుజంలో కండరం చిరిగింది. తోయవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. తోశాను, గెలిచాను. ఆ చేత్తో ఇప్పటికీ జుట్టు దువ్వుకోలేను. దీన్ని సావనీరులో పట్టుదల అని రాశారు. ఇంట్లో మా అమ్మ పెట్టిన పేరు వేరే, అది ఇక్కడ రాయను.

ఒక్క సంగతి మాత్రం మీరు గుర్తుపెట్టుకోవాలి. పోలియో వచ్చినవాళ్ళకు కాళ్ళలో బలం పోతుంది కానీ స్పర్శ పోదు. సీటులో ఒక బొడిపె ఉంటే నేను నిమిషంలో అరుస్తాను. వెన్నుపూస విరిగినవాళ్ళు అరవరు. వాళ్ళకు నడుం కింద ఏమీ తెలియదు, కాలుతున్న రేకు మీద కూర్చోబెట్టినా కబుర్లు చెబుతూనే ఉంటారు. చూసేవాళ్ళకు మేమంతా ఒక్కటే, బండి వాళ్ళం. లోపల మాత్రం ఇంత తేడా ఉంది.

మా హెడ్ గారు

నేను పనిచేసింది గుడివాడ అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో. మా విభాగానికి పెద్ద రామ్మోహనరావు గారు. పైనుంచి డబ్బు తేవడంలో దిట్ట. వచ్చిన అతిథుల ముందు బండిని నున్నటి స్టేజీ మీద తిప్పి చూపించడం ఆయనకు సరదా. ఒకసారి అలాగే నన్ను తిప్పమన్నారు. తిప్పినట్టే తిప్పి, ర్యాంపు దిగి, వాన పడిన గ్రౌండులోకి పోనిచ్చాను. అందరూ చూస్తుండగా ముందు చక్రాలు దిగబడ్డాయి. "మా పరిశోధన ఇక్కడి నుంచి మొదలవుతుందండీ" అన్నాను అతిథులతో. హెడ్ గారు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఆ తర్వాతే నాకు ఒక రేకుల షెడ్డు, మస్తాన్ అనే వెల్డరు దొరికారు. అందుకే ఆయన్ని చెడ్డవాడనలేను. ఆయనకు ఫొటో కావాలి, నాకు షెడ్డు కావాలి. ఈ రెండిటి మధ్య మేమిద్దరం చాలా ఏళ్ళు కాపరం చేశాం.

నాంచారమ్మ

ఈ వృత్తిలో నాకు ఒకే ఒక్క కేసు గుర్తుంచుకునే వీలిస్తే నాంచారమ్మనే ఉంచుకుంటాను.

ఆమెది నాగాయలంక మండలంలో సముద్రం వైపు చివరికి ఉన్న ఊరు. భర్త పోయాక ఆ ఊరి రేవులో చేపల వేలం వేసేది. పడవలు రాగానే సరుకు కుప్పలు పోస్తారు, కొనేవాళ్ళు చుట్టూ మూగుతారు. వేలం వేసే మనిషి ధర పలికి, పెంచుకుంటూ పోయి, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని కుప్పను తేల్చేయాలి. చాలా చోట్ల అది మగవాళ్ళ పని. ఆమె గొంతు, ఆమె నోటి చురుకు చూసి పడవల వాళ్ళే పిలిచి ఆమెకు అప్పజెప్పారు. అలాంటి మనిషి ఎక్కిన ఆటో ఒక వానాకాలం కరకట్ట మీంచి దొర్లింది. నడుం దగ్గర వెన్ను విరిగింది.

ఆమె ఆస్పత్రిలో ఉన్నప్పుడు మరిది ఏడుకొండలు వేలం వేశాడు. దుర్మార్గుడేం కాదు. వదిన ఇంటికి బియ్యం పంపేవాడు. ఆ బియ్యం వండుకు తినడమే ఆమెకు కష్టంగా ఉండేది.

నాంచారమ్మ తన అత్తగారు సీతారావమ్మను వెంటబెట్టుకుని మా షెడ్డుకు వచ్చిన రోజే నాకు విషయం సూటిగా చెప్పింది.

"మావోళ్ళు రేవుకి ఎత్తుకెళ్తామంటున్నారండీ. నేనొద్దన్నాను."

"ఎందుకొద్దన్నావు?"

"ఎత్తుకొచ్చి దించితే నా మాట ఎవరింటారండీ? దించినోళ్ళ మాటే చెల్లుద్ది. నా అంతట నేను పోవాలి. తొలి వేలం నాటికి నన్ను రేవులో కూకోబెట్టండి, అంతే."

ఆ రేవుకు ఒక కట్టుబాటు ఉంది. చేపలు గుడ్లు పెట్టే వేసవి రోజుల్లో వేట నిషేధం ఉంటుంది, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. నిషేధం ఎత్తేశాక పడవలు మొదటిసారి సరుకుతో వచ్చిన పొద్దున, తొలి కుప్ప మీద 'మూడోసారి' అని ఎవరంటే ఆ ఏడాదంతా వేలం వాళ్ళదే. మంచాన పడితే తప్ప మధ్యలో మనిషిని మార్చరు. మారిస్తే గంగమ్మ ఊరుకోదంటారు. ఒక ఏడాది ఇప్పటికే పోయింది. రెండో ఏడు కూడా మరిదే వేస్తే ఇక రేవు అతనిదే అవుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

నేనూ మస్తానూ చాలా కష్టపడ్డాం. ముందు బుల్లి చక్రాలు తీసేసి ఒక్కటే పెద్ద చక్రం పెట్టాం. నిలబడిన మగవాళ్ళ మొహాలు ఆమెకు కనబడేలా సీటు ఎత్తు పెంచాం. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఇనుముకంతా రంగు కొట్టాం. సీటు మీద గాలి గదులున్న మెత్త ఒకటి తెప్పించి వేశాం. బండి మొత్తంలో ఖరీదైన వస్తువు అదే. "ఉప్పునీళ్ళలో తడవనివ్వకు, పాడైపోతే మళ్ళీ దొరకదు" అని గట్టిగా చెప్పాను.

వేసవి సగంలోనే ఆమె తన వీధిలో, రేవు వాలులో ఎవరి సాయం లేకుండా తిరగసాగింది. హెడ్ గారు పొంగిపోయి, మాకు డబ్బిచ్చే సంస్థ వాళ్ళను తొలి వేలం నాడు రేవుకే రమ్మని పిలిచారు.

మేత సంచి

ఇంకో వారంలో పడవలు వస్తాయనగా సీతారావమ్మ ఫోన్ చేసింది. రోజూ సాయంత్రం కోడలి వెనక భాగం చూడాలని, ఎర్రగా కనబడితే నాకు చెప్పాలని ఆమెకు మొదట్లోనే నేర్పాం.

"మేడంగారూ, కూకునే చోట ఎర్రగా ఉందండీ. నడిమధ్య తోలు లేచినట్టుంది."

"పక్కన ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడుతోందా?"

ఆమె వెళ్ళి నొక్కి చూసొచ్చింది. "లేదమ్మా. ఎర్రగానే ఉంది."

ఫోన్ పెట్టేసి, చేత్తో నడిపే నా కారు తీశాను. పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, నాగాయలంక. ఆ దారంతా నాకు కళ్ళ ముందు ఒకటే కనబడుతోంది. కొత్తవాళ్ళు ఎర్ర మచ్చే కదా అనుకుంటారు. స్పర్శ లేని ఒంటి మీద, నొక్కినా తెల్లబడని ఆ మచ్చ పైకి కనబడే సరికే లోపల పని మొదలుపెట్టి ఉంటుంది. దాని మీద ఇంకా కూర్చుంటే పుండు ఎముక దాకా పోతుంది, విషం నెత్తుట్లో కలుస్తుంది. ప్రమాదంలో బతికి బయటపడి, ఇలాంటి పుండుతో పోయినవాళ్ళ ఇళ్ళకు నేను పలకరింపుకు వెళ్ళాను. అందుకే నాకు భయం వేసింది.

వెళ్ళి ముందు బండి చూశాను. మెత్తకు ఒక తొడుగు ఉంది. రొయ్యల చెరువుల్లో వాడే మేత సంచిని కత్తిరించి, దబ్బనంతో బిగుతుగా కుట్టిన తొడుగు. కొత్త టీవీ రిమోటుకు కవరు తొడిగినట్టు, ఖరీదైన వస్తువు ఉప్పునీటికి పాడవకూడదని తొడిగారు. లావుపాటి కుట్టు సరిగ్గా ఎముక ఆనే చోట ఉంది. గాలి గదులు ఒక్కొక్కటీ విడిగా కుంగాలి, అప్పుడే బరువు సర్దుకుంటుంది. సంచి వాటినన్నిటినీ కట్టేసింది. నా బండి దిగి ఆమె సీటులోకి మారి కూర్చున్నాను. నిమిషం కాకుండానే కుట్టు గుచ్చుకుంది. ఆమె దాని మీద ఎన్ని రోజులుగా తిరుగుతోందో.

"ఎవరు చేశారిది?" అని అరిచాను.

"నేనే కుట్టానమ్మా," అంది సీతారావమ్మ. "తడవనివ్వొద్దన్నారు కదా." ఇక ఏడుపు అందుకుంది. తడవనివ్వొద్దని చెప్పినదాన్ని, ఏమీ తొడగొద్దని కూడా చెప్పవలసింది. ఆ తర్వాత మా షెడ్డు నుంచి వెళ్ళిన ఏ మెత్తా ఆ మాట లేకుండా వెళ్ళలేదు.

"మీరు ఆగారా?"

అవనిగడ్డ నుంచి ప్రభుత్వ డాక్టరమ్మ వచ్చి చూసింది. ఇంకా లోతుకు పోలేదు, ఇప్పుడే జాగ్రత్తపడితే మానుతుంది అంది. తోలు పూర్తిగా కట్టుకునే దాకా ఒక్క నిమిషం కూడా కూర్చోవడానికి వీల్లేదు, బోర్లానో పక్కకో పడుకోవాలి, నెల పట్టినా పట్టవచ్చు అని చెప్పి వెళ్ళింది.

నాంచారమ్మ మంచం మీద బోర్లా పడుకుని గోడ వైపు చూస్తోంది. డాక్టరమ్మ జీపు చప్పుడు దూరమయ్యాక నా వైపు తిరిగింది.

"ఒక్క పొద్దు మేడంగారూ. తొలి కుప్ప అయిపోగానే వచ్చి పడుకుంటా. నెల కాదు, రెణ్ణెల్లు పడుకుంటా."

"వీల్లేదు."

"మీ భుజం చిరిగినప్పుడు డాక్టరు వొద్దన్నాడంటగా. మీరు ఆగారా?"

ఆమె అక్కడితో వదల్లేదు.

"నా ఒళ్ళు నా ఇష్టం అని మీరేగా నేర్పింది. ఇప్పుడు మీ ఇష్టం అయిందా?"

"నా భుజం పోతే జుట్టు దువ్వుకోలేకపోయాను. ఇది ముదిరితే నువ్వే పోతావే."

"పోతే పోతాను. మరిది బియ్యం తింటా ఉంటే మాత్రం ఉన్నట్టా?"

"బండి తీసుకుపోతాను" అన్నాను.

"తీసుకుపోండి. ఊళ్ళో ప్లాస్టిక్ కుర్చీ దొరకదా? ఎత్తుకుపోయేవాళ్ళకి కొదవా?"

ఆమె చెప్పింది నిజం. మెత్త లేని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే ఆ ఒక్క పొద్దే చాలు. ఆమెను ఆపే హక్కు నాకు లేదని నాకు తెలుసు. ఆపకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. వీధిలోకి వచ్చి కారులో కూర్చుని, ఎవరి మీద అరవాలో తెలియక స్టీరింగు మీద కొట్టాను.

అప్పుడే హెడ్ గారి ఫోన్ వచ్చింది. సంగతంతా విని, "ఒక్క గంట కూర్చోలేదా వసుంధర గారూ? వాళ్ళకి టికెట్లు కూడా అయిపోయాయి" అన్నారు.

"కూర్చోదు సార్."

"మరి వాళ్ళకు ఏం చూపిస్తాం?"

"ఖాళీ బండి" అని పెట్టేశాను.

బోర్లా

మా రంగంలో అందరి చూపూ కూర్చోబెట్టడం మీదే ఉంటుంది. నిటారుగా కూర్చున్న మనిషి ఫొటో బాగుంటుంది. పడుకున్న మనిషిని ఎవరికీ చూపించం. వెన్ను దెబ్బతిన్నవాళ్ళ ఆస్పత్రుల్లో బోర్లా పడుకుని చేతులతో తోసుకునే బండ్లు కొన్ని ఉంటాయి. పుండ్లు మానే దాకా వార్డులో తిరగడానికి వాడతారు, వార్డు దాటి బయటికి రానివ్వరు. వాటిని చూసినప్పుడల్లా నేను తల తిప్పుకునేదాన్ని. గుడివాడ తిరిగొచ్చేటప్పుడు చల్లపల్లి దాటాక ఆ బండి గుర్తొచ్చింది. షెడ్డుకు పోగానే మస్తాన్‌ను పిలిచాను.

పొడుగాటి ఫ్రేము, తల వైపు చేతికందేలా రెండు పెద్ద చక్రాలు, కాళ్ళ వైపు లావు టైరుతో ఒకటి. రొమ్ము కింద ఒక దిమ్మ, తుంటి ఎముకలకూ మోకాళ్ళకూ గుంటలు తీసిన స్పాంజి. కాలివేళ్ళు దేనికీ తగలకుండా బయటికి వేలాడాలి. పుండు మీద గాలి తప్ప ఏమీ ఉండకూడదు. ఇంకో రోజులో పడవలు వస్తాయనగా దాన్ని ఒక మినీ వ్యాన్‌లో ఎక్కించుకుని వెళ్ళాం.

నాంచారమ్మ దాన్ని ఒక్కసారి చూసి కళ్ళు మూసుకుంది. "పాడెలాగుంది. నన్ను దీని మీద ఎవరూ చూడకూడదు. తీసుకుపోండి."

బతిమాలడం నాకు చేతకాదు. ఎప్పుడూ చేతకాలేదు. నా బండిని దాని పక్కకు తెచ్చుకుని, చేతుల మీద లేచి, నేనే ఆ బండి మీద బోర్లా పడ్డాను. చీర కుచ్చిళ్ళు సర్దుకుని వీధిలోకి తోసుకుపోయాను. కుక్కలు మొరిగాయి. "అయ్యయ్యో, మేడంగారు పడిపోయారు" అంటూ ఎవరో ఎత్తడానికి పరిగెత్తుకొచ్చారు. "ముట్టుకుంటే ఊరుకోను" అన్నాను. రేవు వాలు దాకా పోయి, గెడ్డానికి బురద పూసుకుని, చిరిగిన భుజం సలుపుతుంటే ఆయాసపడుతూ తిరిగొచ్చాను. పెన్షనుకు దగ్గరపడిన ఆడమనిషి మొసలిలా పాక్కుంటూ వస్తే ఊరు నవ్వక ఏం చేస్తుంది. పగలబడి నవ్వింది.

మంచం మీంచి తలుపులోగుండా చూస్తున్న నాంచారమ్మ కూడా నవ్వింది. ఆస్పత్రి నుంచి వచ్చాక కోడలు అలా నవ్వడం ఇదే మొదటిసారని సీతారావమ్మ తర్వాత చెప్పింది. నవ్వు ఆగాక ఆమె కళ్ళు తుడుచుకుంది.

"చక్రాలు అంత వెనక్కుంటే బలం ఎట్టా వస్తదండీ? ఇంకాస్త ముందుకు జరిపించండి."

మస్తాన్ నా వైపు చూశాడు. నేను పానా వైపు చూపించాను.

"ఆ సంచి కనబడకూడదు" అంది ఆమె, మెల్లగా. మూత్రం సంచి సంగతి. మేం ఎముకలన్నీ ఆలోచించాం కానీ అది ఆలోచించలేదు. సీతారావమ్మ పెట్టెలోంచి ఒక నేత చీర తీసి, బండి చుట్టూ కుచ్చులు పోసి కట్టింది.

రేవు

తూర్పున వెలుగు రాగానే పోటు మీద పడవలు వచ్చాయి. హెడ్ గారూ, ఆయన అతిథులూ బురద అంటకుండా ఒక సిమెంటు దిమ్మ ఎక్కి నిలబడ్డారు. నేను వాళ్ళ దగ్గరికి పోలేదు. తొలి కుప్ప పోశారు, పండుగప్పలూ కొయ్యంగలూ. ఏడుకొండలు దాని పక్కనే నిలబడి ఉన్నాడు. పడవల పెద్ద బసవయ్య చుట్టూ చూసి, "ఎవరేస్తన్నారు?" అన్నాడు.

"నేను" అంది నాంచారమ్మ.

వాలు మీద బోర్లా తోసుకుంటూ వస్తోంది. జనం రెండు పాయలుగా తప్పుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండుననిపించింది నాకు. ఆమె వెళ్ళి కుప్ప దగ్గర ఆగింది. మోచేతుల మీద లేచి, ఒక చేప మొప్ప ఎత్తి చూసి, ధర పలికింది.

ఎవరూ పాట మొదలుపెట్టలేదు. మళ్ళీ అదే ధర పలికింది. కొనేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఆమె తల ఎత్తి అవనిగడ్డ నుంచి వచ్చే ఒక పెద్ద వ్యాపారిని చూసింది.

"ఏంటి బాబాయ్, చేపలు నేల మీదుంటే నువ్వు ఆకాశంలో చూస్తన్నావు? కూకో."

ఆయన ఒక్క క్షణం తటపటాయించి, పంచె పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నాడు. ఆయన్ని చూసి పక్కవాడు కూర్చున్నాడు. ఒక పాట వచ్చింది, దాని మీద ఇంకోటి వచ్చింది.

అప్పుడు నేను లెక్కలోకి తీసుకోని ఒక విషయం బయటపడింది. రొమ్ము దిమ్మకు ఆనుకుని పడుకుంటే ఊపిరి సగమే అందుతుంది. ఆ గొంతు కోసమే ఆమెకు రేవు అప్పజెప్పారు, ఆ గొంతే ముందు వరస దాటి పోవడం లేదు. వెనక నిలబడినవాళ్ళు "ఎంతా? ఎంతా?" అని అరుస్తున్నారు. ఆమె మెడ నరాలు ఉబ్బాయి. మళ్ళీ పలికింది. మళ్ళీ వినపడలేదు.

ఏడుకొండలు గొంతెత్తి ఆ ధర చెప్పాడు.

రేవంతా అతని వైపు తిరిగింది. ఆమె ఇంకో ధర పలికింది, అతను దాన్నే పెద్దగా చెప్పాడు. అతను ఆమె మాట అందిస్తున్నాడో, వేలం తనే అందుకుంటున్నాడో నాకు అర్థం కాలేదు. ఎవరికీ అర్థం కాలేదు. వెనకవాళ్ళు ఇప్పుడు అతన్నే చూసి పాడుతున్నారు. ముందుకు పోవాలని నా చేతులు చక్రాల మీదికి వెళ్ళాయి. పోతే నేను కూడా ఎత్తేవాళ్ళలో ఒకదాన్ని అవుతాను. అక్కడే ఆగిపోయాను.

పాట పెరిగి పెరిగి ఒకచోట ఆగింది. ఆమె "ఒకటోసారి" అంది. అతను "ఒకటోసారి" అని అరిచాడు. ఆమె "రెండోసారి" అంది. అతనూ అన్నాడు. 'మూడోసారి' ఎవరంటారో వినడానికి బసవయ్య తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

నాంచారమ్మ ఊపిరి కోసం ఆగింది. ఏడుకొండలు అప్పటికే రొమ్ము నిండా గాలి పీల్చుకుని, నోరు తెరిచి ఉన్నాడు. జనమంతా ఆ నోటి వైపే చూస్తున్నారు. అతను కిందికి, వదిన వైపు చూశాడు. నోరు మూసుకుని, కుప్ప పక్కన బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఆ నిశ్శబ్దంలో ఆమె సగం గొంతుతోనే "మూడోసారి" అంది. ఆఖరి పడవ మీద ఉన్నవాళ్ళకు కూడా అది వినబడింది.